అది మీకెలా తెలుసు? కొత్తగా డిగ్రీలో చేరినవారు ఆలోచించడం అలవరచుకునే పద్ధతి

కాలువలకు నీళ్లు వదిలి సార్వా (తొలకరి పంట) నారుమళ్లు పచ్చబడే రోజుల్లోనే కాకినాడ, రాజమహేంద్రవరం, అమలాపురం, భీమవరం, నరసాపురం కళాశాలల్లో కొత్త విద్యార్థులు అడుగుపెడుతుంటారు. వీరిలో చాలామంది ఇంటర్మీడియెట్ రెండేళ్లూ బిట్లు బట్టీపట్టి, ముఖ్యమైన ప్రశ్నలకు జవాబులు గుర్తుపెట్టుకుని రాసి వచ్చినవారే. ఆ చదువులో జవాబు ముందే ఎక్కడో సిద్ధంగా ఉంటుంది, దాన్ని చెదరకుండా మోసుకొచ్చి కాగితం మీద దించడమే విద్యార్థి పని. డిగ్రీ చదువు అడిగేది వేరు. అధ్యాపకులు జవాబు విని ఊరుకోరు, "అది మీకెలా తెలుసు?" అని అడుగుతారు. భౌతికశాస్త్రం తరగతిలోనైనా తెలుగు సాహిత్యం తరగతిలోనైనా అడిగేది ఈ ఒక్క ప్రశ్నే, కాని దానికి జవాబు చెప్పే పద్ధతి ఒక్కో శాస్త్రంలో ఒక్కో విధంగా ఉంటుంది. ఆ పద్ధతులను మొదటి సెమిస్టరులోనే చేతికి అలవాటు చేసుకోవడానికి కొన్ని పనులు చెబుతాను. గోదావరి డెల్టాలోనే పుట్టి ఇక్కడి డిగ్రీ విద్యార్థులకే చాలా ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి కనుక ఉదాహరణలు కూడా మన కాలువ గట్ల మీద నుంచే తీసుకుంటున్నాను.

మొదటి పని: మీరు నమ్మే ఒక వాక్యాన్ని విడదీయండి

ఒక కొత్త నోటుపుస్తకం తీసుకోండి. ఎడమ పేజీ మీద మీరు చిన్నప్పటి నుంచి నిజమని నమ్ముతున్న ఒక వాక్యం రాసి కుడి పేజీని ఖాళీగా వదిలేయండి. ఏ వాక్యం రాయాలో తోచకపోతే మన ప్రాంతంలో అందరికీ తెలిసిన దాన్నే తీసుకోవచ్చు: "కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టడం వల్ల గోదావరి డెల్టా అన్నపూర్ణ అయింది."

ఈ వాక్యాన్ని తప్పు పట్టమని నేను అడగడం లేదు. అందులో ఎన్ని మాటలు కలిసి ఉన్నాయో చూడమంటున్నాను. ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయిందన్నది ఒక మాట. ఆ తరువాత పంట పెరిగిందన్నది రెండో మాట. ఆ పెరుగుదలకు కారణం ఆనకట్టేనన్నది మూడో మాట. డెల్టా "అన్నపూర్ణ" అన్నది నాలుగో మాట. ఇవి పైకి ఒకే దారాన గుచ్చిన పూసల్లా కనిపించినా, ఒక్కొక్కదానికి కావలసిన ఆధారం వేరు.

మొదటి మాటను ఆనాటి ప్రభుత్వ పత్రాలు, ఇంజనీర్ల నివేదికలు చూసి తేల్చవచ్చు. రెండోదానికి ఆనకట్టకు ముందూ తరువాతా ఎన్ని ఎకరాలు సాగయ్యాయో, శిస్తు ఎంత వసూలైందో కావాలి, పైగా ఆ రెండు కాలాల్లోనూ లెక్క ఒకే పద్ధతిలో కట్టారా అన్నది కూడా చూడాలి. మూడోది అన్నిటికంటే కష్టమైనది. 1833 నాటి భయంకరమైన కరువు తరువాత జనం మళ్లీ ఊళ్లకు చేరుకుంటున్న కాలమది. ధాన్యం ధరలు కూడా మారుతూ వచ్చాయి. వీటిలో ఏది ఎంత పని చేసిందో తెలియాలంటే ఆనకట్ట నీరు అందిన పల్లపు గ్రామాలను, అదే జిల్లాలో నీరు అందని మెట్ట గ్రామాలతో పక్కపక్కన పెట్టి చూడాలి. రెండు చోట్లా సాగు ఒకేలా పెరిగి ఉంటే కారణం వేరే ఉందని అనుమానించాలి, పల్లంలోనే పెరిగి ఉంటే ఆనకట్ట వైపు తూకం మొగ్గుతుంది. నాలుగో మాట విలువకు సంబంధించినది. ఎవరికి అన్నపూర్ణ? భూమి ఉన్న రైతుకా, కోతలకు వచ్చే కూలీకా, ఆనకట్ట పనిలో రాళ్లు మోసినవారికా? ఈ ప్రశ్నకు లెక్కలు సాయపడతాయి కాని లెక్కలొక్కటే చాలవు. మేలు అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి.

ఇప్పుడు కుడి పేజీలో నాలుగు వరుసలు గీసి, ఒక్కో మాటకు ఎదురుగా "దీనికి ఏ ఆధారం కావాలి, అది ఎక్కడ దొరుకుతుంది" అని రాయండి. రోజుకు ఒక వాక్యం చొప్పున రెండు వారాలు ఇలా చేస్తే, పాఠ్యపుస్తకం తెరిచినప్పుడు కూడా వాక్యాలు వాటంతటవే విడిపోయి కనిపించడం మొదలవుతుంది. మిగిలిన పనులకన్నా దీనికే ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఎందుకంటే ఇది పట్టుబడనిదే తక్కినవేవీ పట్టుబడవు.

రెండో పని: ఒకే వస్తువును పక్కింటి శాస్త్రం కళ్లతో చూడండి

బీఎస్సీ విద్యార్థి చరిత్ర తనకు సంబంధం లేనిదనుకుంటాడు, బీఏ విద్యార్థి లెక్కలు తనకు రావనుకుంటాడు. ఈ గోడ తరగతి గదుల కోసం కట్టుకున్నది. కాలువకు ఆ గోడ తెలియదు.

ఆనకట్ట ధవళేశ్వరం దగ్గరే ఎందుకు ఉందని అడిగి చూడండి. పాపికొండల ఇరుకు దాటి వచ్చిన నది ఆ చోట విశాలంగా పరుచుకుంటుంది. నది మధ్యలో లంకలు ఉండటం వల్ల ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా కట్టడం వీలైంది. ఆ చోటికి దిగువనే నది గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది కనుక, డెల్టా తలకట్టు దగ్గర నీటిమట్టాన్ని పెంచితే అక్కడి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీరు వాలుననుసరించి దానంతటదే పారుతుంది. ఇది ఇంజనీరు చెప్పే జవాబు. భూగోళశాస్త్రజ్ఞుడు మరో మాట కలుపుతాడు: వరద పొర్లినప్పుడు బరువైన ఇసుక, ఒండ్రు గట్టు దగ్గరే దిగిపోతాయి కనుక ఏటి ఒడ్డు ఎత్తుగా, ఒడ్డుకు దూరమైన నేల పల్లంగా ఏర్పడుతుంది. అందుకే మురుగు పోక మునిగే చేలు చాలాసార్లు నదికి దూరంగా ఉంటాయి. చరిత్రకారుడు ఆ పనికి ఎవరు డబ్బు పెట్టారు, ఎందుకు పెట్టారు, దొరికే పత్రాల్లో ఎవరి గొంతు వినపడుతుంది, ఎవరిది వినపడదు అని అడుగుతాడు.

ఆర్థికశాస్త్రం అడిగేది ఇంకా వేరు. 2011 సార్వాలో కోనసీమ రైతులు చాలామంది పంట విరామం ప్రకటించి పొలాలను బీడు పెట్టారు. నీరు లేక కాదు, గిట్టుబాటు ధర లేదని, కూలీలు దొరకడం లేదని, మురుగు కాలువలు బాగుచేయకపోవడంతో చేలు మునుగుతున్నాయని వారు చెప్పారు. నీరు అందితే పంట వేస్తారని మనం ఊరికే అనుకున్న మాటకు ఆ ఒక్క సార్వా అడ్డం తిరిగింది.

చేయవలసినది ఇదీ: మీ శాఖ కాని మరో శాఖలో చదివే స్నేహితుణ్ణి ఒకరిని ఎంచుకుని, ఏదో ఒక వస్తువు గురించి అరగంట మాట్లాడుకోండి. కొబ్బరికాయ కావచ్చు, లాకులు కావచ్చు, ఏటిగట్టు కావచ్చు. అతని శాస్త్రం అడిగే మొదటి ప్రశ్న ఏమిటో మీ నోటుపుస్తకంలో రాసుకోండి. జవాబుల మాట తరువాత.

మూడో పని: "వల్ల" అనే మాట దగ్గర ఆగండి

మన ప్రాంతంలో నేడు తరచుగా వినపడే వాదన ఒకటి ఉంది: "రొయ్యల చెరువుల వల్ల ఊళ్లో బోరునీరు ఉప్పబడింది." ఈ వాదన నిజమే కావచ్చు. నాకు ఆ ఊళ్ల మీద, ఆ నీళ్ల మీద ఎంతో బాధ ఉంది. అందుకనే ఆ వాదన గట్టిగా నిలబడాలని కోరుకుంటాను. నిలబడాలంటే ఎదుటివాడు అడిగే ప్రశ్నలను మనమే ముందు అడుక్కోవాలి.

చెరువులు ఎక్కువగా ఉన్న ఊళ్లు సముద్రానికి దగ్గరగా కూడా ఉంటాయి, అప్పుడు ఉప్పుదనం సముద్రం నుంచి వచ్చిందా, చెరువు నుంచి వచ్చిందా? బోర్లతో మంచినీటిని ఎక్కువగా తోడేసినచోట కింది నుంచి ఉప్పునీరు పైకి రావడం కూడా తెలిసిన విషయమే. శివారు భూములకు కాలువ నీరు సరిగా చేరకపోతే నేలలోని ఉప్పు కడిగిపోదు. ఈ మూడూ కారణాలు కావని తేల్చుకోకుండా "వల్ల" అనే మాట వాడకూడదు. తేల్చుకునే మార్గం ఏమిటంటే, సముద్రానికి ఒకే దూరంలో ఉండి, ఒకే కాలువ కింద ఉండి, ఒకచోట చెరువులుండి మరోచోట లేని ఊళ్లను ఎంచుకుని బోరునీటిని అదే నెలలో, అదే లోతు నుంచి తీసి కొలవడం. చెరువులు తవ్వకముందు తీసిన కొలతలు దొరికితే ఇంకా మంచిది. చివరగా, కొలత ఎలా వస్తే మీ అభిప్రాయం మార్చుకుంటారో కొలవకముందే రాసి పెట్టుకోవాలి. కొలిచిన తరువాత రాస్తే మనసు దానికి అనుకూలంగా సర్దుకుంటుంది.

పోలిక ఎంత శుభ్రంగా ఉంటే కారణం అంత స్పష్టంగా కనిపిస్తుందనడానికి మన నేల మీద పుట్టిన వరి వంగడమే మంచి సాక్ష్యం. మార్టేరు పరిశోధన స్థానం నుంచి 1982లో విడుదలైన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, తూర్పు భారతమంతా విస్తరించింది, కాని రోజుల తరబడి నీట మునిగితే మాత్రం తట్టుకోలేదు. మామూలు వరి మొక్క మునిగినప్పుడు గాలి కోసం గబగబా పొడవు పెరిగి ఒంట్లోని నిల్వ ఆహారాన్ని ఖర్చు చేసుకుని, నీరు తీసేసరికి నీరసించి పడిపోతుంది. ఒడిశా ప్రాంతపు ఎఫ్‌ఆర్ 13ఎ అనే పాత వరి అలా ఎదగకుండా ఓపిక పట్టి నిలబడుతుంది. ఆ గుణానికి కారణమైన సబ్1ఎ అనే జన్యువును 2006లో గుర్తించారు. ఆ జన్యువున్న చిన్న భాగాన్ని మాత్రమే స్వర్ణలోకి తెచ్చిన స్వర్ణ సబ్1 వంగడం 2009లో మన దేశంలో విడుదలైంది. అది రెండు వారాల దాకా మునకను తట్టుకోగలదు. ఇక్కడ గమనించవలసినది ఆ పోలిక తీరు: రెండు మొక్కలకూ మధ్య తేడా దాదాపుగా ఆ చిన్న భాగమే, రెండింటినీ ఒకే మడిలో, ఒకే నీటి కింద ముంచారు. ఒకటి బతికి మరొకటి చచ్చిపోతే ఆ తేడాకు కారణం వెదకడానికి వేరే చోటు మిగలదు. ఊళ్లను అలా రెండు మళ్లుగా నాటలేం. అయినా సామాజిక శాస్త్రాలు ఊళ్లనూ కాలాలనూ జాగ్రత్తగా జతపరిచి ఆ శుభ్రతకు వీలైనంత దగ్గరికి వెళ్లడానికే శ్రమపడతాయి.

నాలుగో పని: అంకె ఎక్కడ పుట్టిందో అడగండి

వరద రోజుల్లో ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఎగరవేస్తారని మనందరికీ తెలుసు. కాని ఆ అంకె నది లోతు కాదు. ఆనకట్ట దగ్గర ఒక నిర్ణీత స్థానం నుంచి కొలిచిన నీటిమట్టం. అది తెలియకపోతే "గోదావరి పన్నెండు అడుగుల లోతే కదా" అనుకునే ప్రమాదం ఉంది. అలాగే గ్రామంలో ఎకరానికి ఎన్ని బస్తాలు పండాయో తేల్చడానికి పంటకోత ప్రయోగాలు చేస్తారు. వరికి 5 మీటర్లు పొడవు, 5 మీటర్లు వెడల్పు ఉన్న మడిని గుర్తించి, అందులోని పంటను కోసి, నూర్చి తూకం వేస్తారు. ఆ మడి ఎక్కడ పడాలో అధికారి గాని రైతు గాని ఎంచుకోకూడదు, యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చెప్పాలి. మంచి చేను చూపించాలన్న రైతు అభిమానం, దారి పక్కనే పని ముగించాలన్న మనిషి అలసట, రెండూ లెక్కలోకి రాకుండా ఆ పట్టిక కాపాడుతుంది. సంఖ్యాశాస్త్రం పాఠంలో "నమూనా" అనే మాట వచ్చినప్పుడు ఈ మడిని గుర్తు తెచ్చుకోండి.

పాత అంకెలతో మరింత జాగ్రత్త అవసరం. 1839లో కోరంగిని ముంచిన తుపానులో 3 లక్షల మంది చనిపోయారని ఎన్నో చోట్ల కనిపిస్తుంది. ఆ వాక్యాన్ని చదివినవారు వెంటనే అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఆ తీరంలో ఆనాడు అంత జనం ఉన్నారా? దేశమంతటా ఒకేసారి జరిగిన మొదటి జనాభా లెక్కలు 1881 నాటివి కదా, అంతకు నలభై ఏళ్ల ముందు మృతులను ఎవరు, ఎలా లెక్కపెట్టారు? ఆ అంకెను మొదట రాసినవారు ఎవరు, తరువాతివారు ఆయన నుంచే ఎత్తి రాశారా? పది పుస్తకాల్లో ఉన్న అంకె ఒకే పుస్తకం నుంచి వచ్చినదైతే అది ఒక్క సాక్ష్యమే. తుపాను ఘోరాన్ని తక్కువ చేయడం దీని ఉద్దేశం కాదు. చనిపోయినవారి పట్ల గౌరవం ఉన్నవారే వారి లెక్కను జాగ్రత్తగా కడతారు.

ప్రయోగశాలలో కూడా ఇదే నియమం వర్తిస్తుంది. నేను విద్యార్థిగా ఉన్న రోజుల్లో టైట్రేషన్ (ఒక ద్రావణంలోకి మరో ద్రావణాన్ని కొలిచి వదులుతూ దాని గాఢత కనుక్కునే ప్రయోగం) చేసి, నాకు వచ్చిన రీడింగు పుస్తకంలోని విలువకు దూరంగా ఉందని దాన్ని సరిదిద్ది రికార్డులో రాశాను. మార్కులు పడ్డాయి. ఆ ద్రావణాన్ని కొలిచి వదిలే గాజు గొట్టం, అంటే బ్యూరెట్టు, కారుతోందని తెలుసుకునే అవకాశం మాత్రం పోయింది, తరువాత వచ్చిన వారందరి రీడింగులూ అలాగే చెడ్డాయి. మీకు వచ్చిన అంకెనే రాయండి. తప్పుగా అనిపిస్తే పక్కన "ఇది ఎందుకు తేడాగా వచ్చి ఉంటుంది" అని మూడు కారణాలు రాయండి. ఆ మూడు వాక్యాలే ఆ రోజు మీరు నేర్చుకున్న రసాయనశాస్త్రం.

ఐదో పని: పద్యాన్ని, శాసనాన్ని ఆధారంగా చదవండి

సైన్సుకు రుజువులు ఉంటాయి, సాహిత్యానికి అభిప్రాయాలే ఉంటాయి అన్న మాట కళాశాలల్లో తరచుగా వినపడుతుంది. అది సరికాదు. నన్నయ 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని ఆస్థానంలో ఉన్నాడని మనం ఎలా చెప్పగలుగుతున్నాం? ఆయన తెనిగించిన మహాభారతపు అవతారికలో, అంటే పీఠికలో, కవి స్వయంగా చెప్పుకున్న మాట ఒక ఆధారం. దానితో సంబంధం లేకుండా రాగిరేకుల మీద నిలిచిన నందంపూడి శాసనం మరొక ఆధారం. అది రాజరాజనరేంద్రుడు ఇచ్చిన దానశాసనం, కాలం 1053, రచించినవాడు నన్నయభట్టు. కావ్యమూ రాగిరేకూ వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే చోట కలిశాయి కనుక ఆ మాటకు బలం వచ్చింది. ఆది, సభా పర్వాలు ముగించి అరణ్యపర్వం మధ్యలో నన్నయ ఎందుకు ఆగిపోయాడన్న దానికి మాత్రం కథలు ఎన్నో ఉన్నాయి. వాటిని కథలుగా చెప్పవచ్చు. పరీక్ష కాగితంలో కారణంగా రాయకూడదు.

పద్యం చదివేటప్పుడు టీకా తాత్పర్యం మూసిపెట్టి, మొదట పద్యాన్ని పైకి మూడుసార్లు చదవండి. నాలుక ఎక్కడ తడబడిందో, ఏ పదం ఊహించని చోట వచ్చిందో, ఎవరు ఎవరితో ఏ మర్యాదలో మాట్లాడుతున్నారో గుర్తించండి. తరువాత "ఈ పద్యంలో కోపం ఉంది" అని రాస్తే, ఏ పదం వల్ల అలా అనిపించిందో ఆ పదాన్ని చూపించండి. సాహిత్య విద్యార్థికి ఆ పదమే బ్యూరెట్టు రీడింగు.

ఆరో పని: మనుషులను అడిగేటప్పుడు

ప్రాజెక్టు కోసం రైతులనో, లంక గ్రామాలవారినో, కొబ్బరి దింపు కార్మికులనో అడగవలసి వస్తుంది. మన వైపు పెద్దవారు మర్యాద కొద్దీ అడిగినదానికల్లా "ఆయ్" అంటారు. అది ఒప్పుకోలు అనుకుని రాసుకుంటే మీ సర్వే అంతా మీ ప్రశ్నలకే ప్రతిధ్వని అవుతుంది. "చెరువుల వల్లే నష్టం కదండీ?" అని అడగకండి. "గత పదేళ్లలో మీ చేలో ఏమేం మారిందండీ బాబాయిగారూ?" అని అడిగి మౌనంగా ఉండండి. వారు చెప్పిన మాటను వారి మాటల్లోనే రాసుకోండి, మీ వ్యాఖ్యానాన్ని వేరే రంగు సిరాతో రాయండి.

ఏడో పని: రాయండి, ముందు తెలుగులోనే

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థులు మొదటి ఏడాదిలో పడే బాధ నాకు బాగా తెలుసు. తెలివైన పిల్లలు ఇంగ్లీషులో వాక్యం కూడదీసుకునేలోపు ఆలోచన చెదిరిపోయి, చివరికి పక్కవారి నోట్సునే దించుకుంటారు. దీనికి మందు ఉంది. వాదనను ముందు తెలుగులోనే, మీ ఇంట్లో మాట్లాడే తెలుగులోనే రాయండి: నేను చెప్పేది ఏమిటి, ఎందుకు చెబుతున్నాను, కాదనేవారు ఏమంటారు, వారికి నా జవాబు ఏమిటి. ఈ నాలుగూ పేజీ మీద నిలబడిన తరువాత వాటిని ఇంగ్లీషులోకి మార్చడం భాషకు సంబంధించిన శ్రమ మాత్రమే, అది అభ్యాసంతో తగ్గుతుంది. మూడోదాన్ని, అంటే ఎదుటివారి వాదనను, వారు చదివితే "అవును, మేము అనేది ఇదే" అనేటంత నిజాయితీగా రాయండి.

ఇతరుల మాట వాడుకుంటే ఎవరిదో, ఎక్కడిదో అక్కడికక్కడే రాయండి. పుస్తకం పేరు, పేజీ సంఖ్య నోట్సులోనే వేసుకోకపోతే రాసేనాటికి ఏది మీదో ఏది ఇతరులదో మీకే తెలియకుండా పోతుంది. నెట్‌లో దొరికిన వ్యాసాన్ని గాని, ఫోనులోని యంత్రం రాసిచ్చిన పేరాను గాని మీ పేరుతో ఇవ్వకండి. అలా ఇస్తే "అది మీకెలా తెలుసు?" అన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు. రాజమహేంద్రవరం వెళ్లగలిగినవారు గౌతమీ గ్రంథాలయంలో ఒక పూట కూర్చుని, మీ ఊరి గురించి గాని మీ కాలువ గురించి గాని పాత పుస్తకం ఒకటి అడిగి చదవండి.

మొదటి రోజు రాసిన వాక్యం ఉన్న నోటుపుస్తకాన్ని మాత్రం పారేయకండి. ఆ పేజీ మీద తేదీ వేసి పెట్టండి. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు, దాళ్వా (రెండో పంట) నాట్లు పడుతున్న చేల పక్కన కూర్చుని ఆ పేజీ తెరిచి, ఖాళీగా మిగిలిన వరుసల్లో ఇప్పుడు ఏం రాయగలరో రాయండి. ఇంకా రాయలేని వరుస ఉంటే, రెండో సెమిస్టరులో మీ ప్రాజెక్టుకు అంశం అదే కావచ్చు.